గుర్రం సంగతి తర్వాత, ముందు రాజు సంగతి చూడండి

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకి "ఎప్పుడూ దుర్యోధనుడేనా, ఒకసారి షేక్‌స్పియర్ మూడో రిచర్డ్‌ని తెలుగులో వేసి చూడండి, మనవాళ్ళకి భలే పడుతుంది" అని ఒక ముక్క అన్నా. అంతే, ఒక్క బెంగళూరు నుంచే ఇన్ని ఉత్తరాలొచ్చి పడ్డాయి, కొందరు నిజంగానే రిహార్సల్స్ కూడా మొదలెట్టేశారట. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఆ ఇంగ్లండ్ రాజుగారికే ఇచ్చేస్తున్నా. మేకప్‌తో మొహం మండుతోందని రాసినవాళ్ళూ, హార్మోనియం రిపేరు గురించి అడిగినవాళ్ళూ ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మాష్టారూ, మాది మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్. మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి నాటకం వేస్తుంది. ఈసారి మీ మాట పట్టుకుని రిచర్డ్ అనుకున్నాం. 14 మందిమి ఉన్నాం, అందులో ఆడవాళ్ళు ఐదుగురు. బేస్‌మెంట్ పార్కింగులో రిహార్సల్స్ మొదలుపెట్టాం. మా హీరోకి మంచి గొంతు, రావణుడు వేసిన అనుభవం కూడా ఉంది. కానీ నాలుగు రోజులు చేశాక ఏదో తేడా కొడుతోంది, ఎంత అరిచినా ఎవరికీ భయం వెయ్యట్లేదు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: ముందు ఆ అరుపు ఆపించండి బాబూ. భయం వెయ్యకపోవడమే మంచిది, మొదటి సగంలో ఎవరికీ భయం వెయ్యకూడదు కూడా.

మన స్టేజీ మీద విలన్ అంటే తెర లేవగానే ఢమఢమ మోగాలి, మీసం తిప్పాలి, పద్యం అందుకుని ఆఖరి పాదం దగ్గర రాగం తీసి చప్పట్లు కొట్టించుకోవాలి. రిచర్డ్ అలా రాడు. ఒక్కడే వస్తాడు. దాయాదుల పోరు అప్పుడే అయిపోయింది, వీళ్ళ యార్కు వంశం గెలిచింది, పెద్దన్న రాజయ్యాడు, ఊరంతా పండగ చేసుకుంటోంది. ఈయన మాత్రం మన దగ్గరికి వచ్చి 41 లైన్లు మనతోనే మాట్లాడతాడు: నాకీ పండగలూ పబ్బాలూ పడవు, నేను దుర్మార్గుడిని కాదల్చుకున్నా, ఇదిగో ప్లాను, మా పెద్దన్నకీ నడిపన్నకీ తగువు పెట్టేశా అని. ఏం తగువంటే, 'జి' అక్షరంతో పేరున్నవాడు నీ పిల్లల్ని చంపుతాడని ఎవరో జోస్యం చెప్పినట్టు రాజు చెవిన పడేస్తాడు, నడిపన్న పేరు జార్జ్ కాబట్టి ఆయన్ని పట్టుకెళ్ళి లోపలేస్తారు. తమాషా ఏంటంటే ఈయన బిరుదు గ్లాస్టర్, అదీ 'జి'యే! జోస్యం అక్షరాలా నిజమవుతుంది, మనిషే వేరు. ఇంతలో నడిపన్నని భటులు తీసుకొస్తుంటే ఈయనే ఎదురెళ్ళి "అయ్యో అన్నయ్యా, ఎంత ఘోరం" అని ఓదారుస్తాడు. హాల్లో అందరికీ అసలు సంగతి తెలుసు. నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే మనం ఆయన జట్టులో చేరిపోయాం, అక్కడే ఉంది కిటుకంతా.

మీ హీరోకి రావణుడు వద్దని చెప్పండి, శకుని ఇంకొంచెం దగ్గర. అసలు ఇంకా దగ్గరి మనిషి ప్రతి పెళ్ళిలోనూ ఉంటాడు చూడండి, వెనక వరసలో కుర్చీ లాక్కుని కూర్చుని వచ్చేపోయే ప్రతివాళ్ళ మీదా ఏదో ఒకటి అంటూ ఉంటాడు, మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం, ఇంటికెళ్ళాక గుర్తొస్తుంది మనం లేచి వచ్చాక మన గురించి ఏమని ఉంటాడో అని. ఆ మనిషిని పట్టుకోమనండి. చేతిలో కాఫీ గ్లాసు ఉన్నట్టు మాట్లాడాలి. ముందు వరసలో ఒకర్ని చూసుకుని ఆ ఒక్కరికే చెప్పినట్టు చెప్పాలి, తర్వాత ఇంకొకరికి. రిహార్సల్లో ఒక రోజు మైకు లేకుండా, లేచి నిలబడకుండా, మీ పార్కింగులోనే చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి ఆ మొదటి స్పీచ్ చెప్పించండి. అన్నట్టు మీరు పార్కింగులో రిహార్సల్ అన్నారు కదా, ఆ రాజుగారి ఎముకలు దొరికింది కూడా కార్ పార్కింగు కిందే, కింద ఇంకో జవాబులో చెప్తా.

ఇంకో విషయం, ఇది చాలామంది డైరెక్టర్లు కూడా గమనించరు. కిరీటం వచ్చేదాకా మాటిమాటికీ మనవైపు తిరిగి కన్ను గీటిన మనిషి, కిరీటం పెట్టుకున్నాక మనతో మాట్లాడటం బాగా తగ్గించేస్తాడు. పనైపోయింది కదా మరి. తనని గద్దెక్కించిన బకింగ్‌హామ్ వచ్చి ఇస్తానన్న జాగీరు ఏదయ్యా అంటే "ఇవాళ నాకు ఇచ్చే బుద్ధి లేదు" అని వెళ్ళిపోతాడు. అప్పటిదాకా నవ్వినవాళ్ళకి అక్కడ చల్లబడాలి. మీ హీరో గొంతంతా ఆ రెండో సగానికి దాచుకోమనండి.

నిడివి గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది అదే. హామ్లెట్ తర్వాత షేక్‌స్పియర్ నాటకాల్లో ఇదే పొడుగు, కొయ్యకుండా వేస్తే నాలుగు గంటలకి దగ్గరపడుతుంది, వేషాలు 50కి పైనే. ఉగాది పచ్చడి తిని వచ్చినవాళ్ళు రెండు గంటలకి మించి కూర్చోరు. ప్రభువులు వచ్చి వార్తలు చెప్పుకునే సీన్లన్నీ తీసేయండి, ఎవరూ అడగరు. మార్గరెట్‌ని మాత్రం తియ్యకండి. ఓడిపోయిన వంశం తాలూకు ముసలి రాణి, మొగుణ్ణీ కొడుకునీ పోగొట్టుకుని ఆ ఇంట్లోనే తిరుగుతూ అందరికీ పేరుపేరునా శాపనార్థాలు పెడుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరూ చచ్చేముందు ఆవిడ మాట తల్చుకుంటారు. 1955లో ఆలివియర్ తీసిన సినిమాలోనూ, 1995లో మెకెల్లెన్ చేసిన సినిమాలోనూ ఈ పాత్రని ఎత్తేశారు. ఇంగ్లీషువాళ్ళకి శాపం అంటే పాతకాలం సరుకేమో, మనకి కాదు కదా, కుండెడు దుమ్మెత్తి పోసే ముసలమ్మ ప్రతి వీధిలోనూ ఉంది. మీ ఐదుగురు ఆడవాళ్ళలో గొంతు గట్టిగా ఉన్నావిడకి మార్గరెట్, మిగతావాళ్ళకి రిచర్డ్ తల్లి, వదిన ఎలిజబెత్, రిచర్డ్ కట్టుకునే ఆన్, ఒక పిల్లాడి వేషం. సరిగ్గా సరిపోయారు!

పట్టాభిషేకానికి ముందు ఒక సీనుంది, దాని మీద వారం రోజులు పెట్టండి. బకింగ్‌హామ్ జనం దగ్గరికి వెళ్ళి రిచర్డే రాజు కావాలని ఊదరగొడితే జనం రాళ్ళలా నిలబడిపోతారు, ఒక్కడూ నోరు విప్పడు. హాలు చివర్న మనవాళ్ళే ఒక పది గొంతులు 'రిచర్డ్ మహారాజుకీ జై' అంటే ఇదిగో జనామోదం వచ్చేసింది అని ఆయన దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. తర్వాత మేయర్నీ పెద్దమనుషుల్నీ వెంటబెట్టుకొస్తే రిచర్డ్ ఇద్దరు బిషప్పుల మధ్య ప్రార్థన పుస్తకం పట్టుకుని కనిపిస్తాడు. నాకెందుకండీ రాజ్యం, వద్దండీ అంటాడు, మన భోజనాల్లో "చాలండీ, వద్దండీ" అంటూనే విస్తరి ముందుకి జరిపేవాళ్ళు ఉంటారు చూడండి, అలాగ. దీనికి స్టేజీ మీద జనాన్ని పెట్టకండి, మీ ప్రేక్షకులే లండన్ జనం. వెనక వరసల్లో మీవాళ్ళని నలుగుర్ని మామూలు బట్టల్లో కూర్చోబెట్టి జై కొట్టించండి. చూస్తూ ఉండండి, పక్కవాళ్ళు కూడా చప్పట్లు కొడతారు. ఎందుకు కొట్టామో వాళ్ళకే తెలీదు.

ప్రశ్న: నమస్తే మాష్టారూ. మా బృందం కోసం నేనే అనువాదం చేస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే వారం రోజులుగా ఆగిపోయాను, ఆ వింటరూ, సూర్యుడూ, కొడుకూ శ్లేష ఎలా తేవాలి? అలాగే అందరూ కజిన్, అంకుల్ అనుకుంటుంటే ఎవరికి ఎవరు ఏమవుతారో తెలీక తల తిరుగుతోంది. ఉన్న అనువాదమే ఏదైనా వాడుకోవచ్చా? (ఒక పాఠకురాలు, వయ్యాలికావల్)

జవాబు: మీ ప్రశ్న చదివి ఎంత ఆనందమేసిందో అమ్మా, ఎందుకంటే తల తిరిగే చోటే తెలుగుకి లాభం ఉంది.

ముందు ఆ మొదటి వాక్యం. యార్కు సూర్యుడి పుణ్యాన మా కష్టాల చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది అని దాని అర్థం, ఇంగ్లీషులో సూర్యుడన్నా కొడుకన్నా చెవికి 'సన్' అనే వినబడుతుంది, అదీ శ్లేష. 'మా కష్టాల చలికాలం' అని మక్కీకి మక్కీ దించితే విజయవాడవాడికి అర్థం కాదు, వాడికి ఏడాదిలో హాయిగా ఉండేదే చలికాలం, అక్కడ చలికాలం పోయి ఎండాకాలం వచ్చిందంటే ఏడవాలి. అలాగని వడగాలి పోయి వాన వచ్చింది అంటే సూర్యుడు పోతాడు, సూర్యుడు యార్కువాళ్ళ రాజచిహ్నం, వదలడానికి లేదు. అసలు రెండు లైన్లు కిందకి వెళ్తే మా ఇంటి మీద కమ్మిన మబ్బులన్నీ సముద్రంలో కలిసిపోయాయి అని ఆయనే అంటాడు. అది పట్టుకోండి. "మన ఇంటి మీద పట్టిన ముసురు ఇవాళ్టికి వదిలింది, యార్కు వారింట పొద్దు పొడిచింది." ముసురు అంటే మనకి ఒళ్ళు ముడుచుకుంటుంది, బట్టలారవు, పిల్లలకి జలుబు, బయటికి పోలేం, బెంగళూరు వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. కొడుకు శ్లేష పోతుంది, పోనివ్వండి. ఒకటి పోయిన చోట ఇంకోటి వస్తుంది.

ఆ వచ్చేది వరసల్లో. ఇంగ్లీషులో అంకుల్ అని ఒక్క మాటే, మనకి బాబాయ్ వేరు మావయ్య వేరు. రాజు చనిపోయాక 12 ఏళ్ళ యువరాజు లండన్‌కి వస్తాడు, వచ్చీ రాగానే నన్ను ఎదుర్కోవడానికి ఇంకా అంకుల్స్ రావాలే అంటాడు. ఇంగ్లీషు ప్రేక్షకుడు ఆ మాట మీద ఆగడు. తెలుగులో "మావయ్యలు రాలేదేం బాబాయ్?" అనిపించండి, హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే ఆ మావయ్యల్ని దారిలోనే పట్టించి జైల్లో వేయించింది ఈ బాబాయే. నాటకంలో సగం రాజకీయం ఇదే కదా, రాణిగారి పుట్టింటివాళ్ళు కోటలో పాతుకుపోయారని మరుదులకి మంట. మనకి ఫుట్‌నోట్ అక్కర్లేని కథ. చిన్న తమ్ముడు ఇంకా గడుసువాడు, అన్నయ్య నన్ను కోతి అంటున్నాడు బాబాయ్, నీ భుజాల మీద ఎక్కించుకోవాలట అని రిచర్డ్ భుజం మీదే జోక్ వేస్తాడు. బాబాయ్ నవ్వుతాడు. ఆ నవ్వు ఎంతసేపు ఉంచాలో మీ యాక్టర్‌కి వదిలేయండి.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. నాలుగో అంకంలో రిచర్డ్ తన వదిన దగ్గరికి వెళ్ళి, నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి అంటాడు, ఆవిడ ఇద్దరు కొడుకుల్ని చంపించాక! డిక్షనరీ చూసి 'మేనకోడలు' అని రాశారో, నాటకం మునిగిపోయినట్టే. మేనకోడల్ని చేసుకోవడం మనలో చాలా ఇళ్ళల్లో మామూలే, హాల్లో కనీసం పది జంటలు అలాంటివాళ్ళే ఉంటారు, వాళ్ళు ఇందులో తప్పేముంది అనుకుంటారు. అది అన్న కూతురు. మనకి అన్న కూతురంటే కూతురే, ఆ మాట చెవిన పడగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఎలిజబెత్ అడుగుతుంది చూడండి, నా మాటల్లో అయితే ఇలా: "ఏమని చెప్పమంటావు దానికి? నీ తండ్రి తమ్ముడే నీ మొగుడనా? బాబాయ్ అనా? నీ తమ్ముళ్ళనీ మావయ్యల్నీ చంపినవాడనా?" ఆ ఎలిజబెత్ వేసే ఆవిడని 'బాబాయ్' అన్న మాట మెల్లిగా అనమనండి.

పేర్ల గొడవ కూడా ఇలాగే తేల్చుకోండి, ఈ నాటకంలో ఎడ్వర్డులు ముగ్గురు, రిచర్డులు ఇద్దరికి తక్కువ కాదు, చచ్చినవాళ్ళని కలిపితే ఇంకా. పెద్దన్న, నడిపన్న, వదిన, బావ అని వరసలతోనే నడిపించండి. బకింగ్‌హామ్‌ని రిచర్డ్ 'బావా' అంటే చాలు, వాళ్ళ దోస్తీ మొత్తం తెలిసిపోతుంది.

భాష విషయంలో నా పట్టుదల ఒకటే, రిచర్డ్‌కి గ్రాంథికం వద్దు, మన నోటి మాటే ఇవ్వండి. పద్యమో పాత వాసన ఉన్న వచనమో మార్గరెట్‌కీ దయ్యాలకీ పెట్టండి. షేక్‌స్పియర్ పోయింది 1616లో కాబట్టి ఆయన నాటకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ వేరేవాళ్ళ అనువాదం వాడితే మన చట్టం ప్రకారం ఆ అనువాదకుడు పోయిన తర్వాత 60 ఏళ్ళదాకా హక్కులుంటాయి, అడిగే వాడండి. నెట్‌లో దొరికే ముక్కలతోనూ జాగ్రత్త, 'వాడి తల తీసేయండి, బకింగ్‌హామ్ పని అంతే' అన్న ఫేమస్ డైలాగ్ షేక్‌స్పియర్‌ది కాదు, కాలీ సిబ్బర్ అనే నటుడు 1700 ప్రాంతంలో నాటకాన్ని కోసి కుట్టినప్పుడు పెట్టింది, ఆ కుట్టిన నాటకమే వంద ఏళ్ళ పైన ఆడింది.

ప్రశ్న: మాష్టారూ, మా అబ్బాయికి 13 ఏళ్ళు, వెన్ను వంకర ఉంది, బ్రేస్ వేసుకుంటాడు. మా లేఅవుట్ వాళ్ళు వేస్తున్న నాటకంలో రాజు వేషానికి వీపు మీద దిండు కట్టారు, రిహార్సల్ చూసిన పిల్లలంతా నవ్వారట. వీడు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. అలాంటి నాటకం వెయ్యడం అవసరమా? (ఒక తల్లి, బనశంకరి)

జవాబు: ఆ దిండు తీయించండి అమ్మా. మీరు చెప్పలేకపోతే ఈ పేజీ కత్తిరించి వాళ్ళకి ఇవ్వండి.

నిజం రాజుకి గూని లేదు. 2012లో లెస్టర్ ఊళ్ళో ఒక కార్ పార్కింగు కింద తవ్వితే అస్థిపంజరం దొరికింది, ఆయన అక్క వంశంలో ఇప్పుడున్నవాళ్ళతో డీఎన్ఏ పోల్చి 2013 ఫిబ్రవరిలో ఆయనే అని చెప్పారు, 2015 మార్చిలో అక్కడి కేథడ్రల్లో మర్యాదగా మళ్ళీ సమాధి చేశారు. ఆ ఎముకల్లో వెన్ను పక్కకి బాగా వంగి ఉంది, అంటే మీ అబ్బాయికి ఉన్నలాంటిదే, స్కోలియోసిస్. ఒక భుజం కొంచెం ఎత్తుగా ఉండి ఉంటుంది, బట్టలు వేసుకుంటే పెద్దగా తెలిసేది కాదన్నారు. నాటకంలో చెప్పినట్టు చెయ్యి ఎండిపోయి లేదు. అదే వెన్నుతో గుర్రమెక్కి కవచం వేసుకుని యుద్ధం చేశాడు, చనిపోయేనాటికి 32 ఏళ్ళు.

నాటకంలో ఏముందంటారా, మొదట్లో ఆయనే అంటాడు, నా రూపం చూసి ఏ ఆడదీ మెచ్చదు కాబట్టి దుర్మార్గుణ్ణవుతా అని. చాలామంది ఆ మాటని నమ్మేస్తారు, డైరెక్టర్లు కూడా. వెంటనే రెండో సీను చూడండి. ఆన్ అనే అమ్మాయి, ఈయన చంపిన మామగారి శవం వెనక నడుస్తూ ఏడుస్తోంది, మొగుణ్ణి చంపింది కూడా ఈయనే, దారిలో ఆపి, తిట్లు తిని, ఉమ్మేయించుకుని, కత్తి ఆవిడ చేతికిచ్చి చంపెయ్ అని రొమ్ము చూపించి, చివరికి ఆవిడ వేలికి ఉంగరం తొడుగుతాడు. అంటే ఆ మొదటి సాకు అబద్ధం! తన ఒంటిని కూడా ఒక అబద్ధానికి వాడుకున్నాడు, అంతే. వెన్నుకీ బుద్ధికీ సంబంధం ఉందని నాటకంలో తిట్టేవాళ్ళు అంటారు, సాలీడు అనీ కప్ప అనీ, మనం అనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1984లో ఆంటనీ షేర్ రెండు ఊతకర్రలతో సాలీడులా పరుగెత్తి వేస్తే అప్పట్లో ఆహా అన్నారు. 2022లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వాళ్ళు ఆర్థర్ హ్యూస్ అని చేతికి వైకల్యం ఉన్న నటుడికే ఈ వేషం ఇచ్చారు. రోజులు మారాయి.

నవ్వు మాటకి రావాలి గానీ వీపుకి కాదు అని ఆ డైరెక్టర్‌కి చెప్పండి. మీవాడికి ఇష్టమైతేనే, ఆ కార్ పార్కింగు కథ చెప్పి చూడండి, 13 ఏళ్ళ పిల్లలకి తవ్వకాలంటే ఆసక్తి ఉంటుంది. బలవంతంగా నాటకానికి తీసుకెళ్ళకండి.

ప్రశ్న: అసలు ఆ రాజు అంత దుర్మార్గుడా? ఏదో సినిమావాళ్ళు చరిత్రని మార్చినట్టు షేక్‌స్పియర్ కూడా మార్చాడంటున్నారు. (ఒక పాఠకుడు, కె.ఆర్.పురం)

జవాబు: మార్చాడు, బాగానే మార్చాడు. 1485 ఆగస్టు 22న బాస్వర్త్ దగ్గర రిచర్డ్‌ని ఓడించి గద్దెక్కిన ఏడో హెన్రీకి మొదటి ఎలిజబెత్ రాణి (నాటకంలో వదిన కాదు) మనవరాలు. ఈ నాటకం రాసే నాటికి ఆవిడే రాణి. రిచర్డ్ మంచివాడని రాస్తే ఆవిడ తాత దొంగవుతాడు, ఎవడు రాస్తాడు చెప్పండి. షేక్‌స్పియర్ కథకి మూలం థామస్ మోర్ రాసిన చరిత్ర. మోర్ చిన్నప్పుడు మోర్టన్ అనే ఆయన ఇంట్లో పెరిగాడు, ఆ మోర్టనే నాటకంలో బిషప్, రిచర్డ్ ఉన్నట్టుండి మీ తోటలో స్ట్రాబెర్రీలు బావున్నాయట తెప్పించండి అంటాడే, ఆ బిషప్. రిచర్డ్‌తో పడక హెన్రీ పక్షం చేరినవాడు. అంటే ఓడిపోయినవాడి కథ గెలిచినవాడి ఇంటి వసారాలో విన్నట్టు.

మార్గరెట్ రాణి నిజానికి 1482లోనే ఫ్రాన్స్‌లో పోయింది, నాటకంలో ఆ తర్వాత జరిగే వాటికీ శాపాలు పెడుతూ తిరుగుతుంటుంది. నడిపన్నకి 1478లో పడిన మరణశిక్ష పెద్దన్న రాజుగా ఉండి వేయించినదే. పిల్లలిద్దరూ మాత్రం 1483లో లండన్ కోటలో కనిపించకుండా పోయారు, ఎవరు చంపారో రుజువు లేదు, 1674లో కోట మెట్ల కింద దొరికిన ఎముకలు వాళ్ళవే అనుకుని వెస్ట్‌మినిస్టర్‌లో పెట్టారు. రిచర్డ్ మీద పడ్డ నిందలు తుడవడానికి 1924 నుంచీ ఇంగ్లండ్‌లో ఒక సంఘమే ఉంది. నా మట్టుకు నాకు పిల్లల విషయంలో అనుమానం పోదు, వాళ్ళని చూసుకోవాల్సింది బాబాయే కదా.

కానీ బాబూ, నాటకం వేసేటప్పుడు ఈ చర్చంతా కర్టెన్ బయటే వదిలేయండి. మధ్యలో ఆపి నిజానికి ఇలా జరగలేదు అని వ్యాఖ్యానం పెట్టిన షో ఒకటి చూశా, దేవుడా.

ప్రశ్న: మనకి ఇన్ని చారిత్రక నాటకాలుండగా తెల్లవాడి రాజు మనకెందుకు? (ఒక పాఠకుడు, రాజాజీనగర్)

జవాబు: వద్దనుకుంటే మానేయండి, బలవంతం లేదు. కాకపోతే మీరున్న రాష్ట్రంలోనే, బళ్ళారిలో ప్లీడరీ చేసుకుంటూ రాఘవ గారు దుర్యోధనుడూ వేశారు, షేక్‌స్పియర్ క్లబ్ పెట్టి ఆ నాటకాలూ వేశారు. ఒకటి వేస్తే ఇంకోటి వెయ్యకూడదని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ప్రశ్న: గుర్రం ఎక్కడ దొరుకుతుంది మాష్టారూ? పెళ్ళి ఊరేగింపు గుర్రాలవాడు రెండు గంటలకి చాలా చెప్తున్నాడు. దయ్యాలకి స్మోక్ మెషిన్ పెట్టొచ్చా? హాలు ఏది మంచిది? (ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్)

జవాబు: గుర్రం వద్దు! స్టేజీ మీదికి గుర్రం వస్తే ఇక మిమ్మల్ని ఎవడు చూస్తాడు, అది చేసే పనులే చూస్తారు. అయినా 'గుర్రం! గుర్రం! గుర్రానికి నా రాజ్యం!' అన్నప్పుడు గుర్రం లేకపోవడమే కదా పాయింటు. ఆ లైను కూడా చాలామంది పారిపోవడానికి గుర్రం అడిగినట్టు బెంబేలుగా అంటారు, కాదు. పక్కనున్న కేట్స్‌బీ వెనక్కి పదండి ప్రభూ గుర్రం తెస్తా అంటే ఆయన ఛీ పొమ్మంటాడు, నా ప్రాణం పందెంలో పెట్టా, పాచిక ఎలా పడితే అలా అంటాడు. గుర్రం అడిగింది మళ్ళీ యుద్ధంలోకి వెళ్ళడానికి. ఎంత పాపాత్ముడైనా అక్కడ పౌరుషం ఉంది, అది తినేయకండి. రిచ్‌మండ్ అంటే ఆయన్ని ఓడించబోయే ఏడో హెన్రీయే. రణరంగంలో ఆరుగురు రిచ్‌మండ్‌లున్నారు, ఐదుగుర్ని చంపా, అసలువాడు దొరకలేదు అంటాడు కదా, మీవాళ్ళు ఆరుగురికి ఒకే రకం టోపీ పెట్టి అన్ని వైపుల నుంచీ నడిపించండి చాలు, కత్తియుద్ధం రాకపోయినా పరవాలేదు.

దయ్యాలు 11. స్మోక్ వద్దు, మొదటి మూడు వరసలు దగ్గుతాయి. రెండు కుర్చీలు, ఒకటి రిచర్డ్‌ది ఒకటి రిచ్‌మండ్‌ది, అవే రెండు గుడారాలు. చంపబడినవాళ్ళు చచ్చినప్పటి బట్టలతోనే ఒక్కొక్కరూ వచ్చి ఈయన చెవిలో రేపు చస్తావు అని, ఆయన చెవిలో గెలుస్తావు అని చెప్పి పోవాలి. పిల్లలిద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని రావాలి. తలకి గుడ్డ కప్పి ఊ ఊ అనేవాళ్ళు కనిపిస్తే నాకు ఉత్తరం రాయండి.

హాలు సంగతి, చిన్నది చూసుకోండి. రవీంద్ర కళాక్షేత్ర లాంటి పెద్ద హాల్లో ఈ గుసగుసలు వెనక్కి చేరవు, కాలర్ మైకులు పెడితే జరీ బట్టలకి రాసుకుని గరగరమంటాయి. జె.పి.నగర్ రంగశంకర ఈ నాటకానికి సరిగ్గా కుదురుతుంది, ప్రేక్షకుడి కళ్ళలోకి చూసి మాట్లాడొచ్చు, కానీ తేదీ దొరకాలి, ఇంకా షో మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు, మన చుట్టాలకి, సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి రావాల్సినవాళ్ళకి, ముందే చెప్పుకోండి. రెండూ కుదరకపోతే మీ క్లబ్ హౌసే మేలు, ఏసీలు ఆపేయించండి.

ప్రశ్న: ఇంతా చెప్తున్నారు, మీరెప్పుడైనా రిచర్డ్ వేశారా? (పేరు రాయలేదు, యలహంక)

జవాబు: లేదండీ. ఆ నాటకంలో నేను వేసింది ఒకే ఒక్క వేషం, లేఖకుడు. మూడో అంకంలో వస్తాడు, 14 లైన్లు చెప్పి పోతాడు, మళ్ళీ కనిపించడు. చాలామంది ముందు అదే కోసేస్తారు, మా డైరెక్టర్ కూడా కోసేద్దామన్నాడు, వేరే ఎవరో రాని రోజు నేను చెప్పి చూపించా, ఉంచాడు.

హేస్టింగ్స్ అనే ప్రభువుని రిచర్డ్ నిలబెట్టి తల తీయిస్తాడు, ఆ తర్వాత ఈ లేఖకుడు చేతిలో కాగితం పట్టుకుని వస్తాడు. ఇది హేస్టింగ్స్ మీద నేరారోపణ పత్రం, నీటుగా కాపీ చెయ్యడానికి నాకు 11 గంటలు పట్టింది, నిన్న రాత్రి పంపించారు, చిత్తు ప్రతి రాయడానికి ఇంకో అంత పట్టి ఉంటుంది, కానీ ఐదు గంటల కింద దాకా హేస్టింగ్స్ మీద ఏ నిందా లేదే, హాయిగా తిరుగుతున్నాడే అంటాడు. లెక్క అంతే, గంటల లెక్క. ఇంత కనబడే మోసం కనబడనంత మొద్దు ఎవడు, కనబడిందని చెప్పేంత ధైర్యం ఎవడికి అని వెళ్ళిపోతాడు.

అప్పట్లో నేను ఒక ఆఫీసులో గుమాస్తాని. రిహార్సల్లో కాగితం ఎలా పట్టుకోవాలి, అంచులు ఎలా సర్దుకోవాలి అని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. షో రోజు కరెంటు రెండుసార్లు పోయింది, రెండోసారి సరిగ్గా నా లైన్ల మధ్యలో. నేను ఆగలేదు, చీకట్లోనే మిగతా నాలుగు లైన్లూ చెప్పేసి వచ్చేశా. చప్పట్లు పడలేదు. వింగ్‌లోకి వచ్చాక బకింగ్‌హామ్ వేసినాయన, బాగా చెప్పావోయ్, కానీ చీకట్లో ఎవరు చెప్పారో జనానికి తెలిసుండదు అన్నాడు.